కాలరుకి మిగిలిన వాసన

పెద్ద స్టోరు, కింది అంతస్తు, పెర్ఫ్యూమ్ కౌంటర్
చేరిన మూడో వారం

మామయ్యకి నమస్కారం.

ఇక్కడ నేను క్షేమం, నా ముక్కు తప్ప. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో వాసన రాదు కదా, అందుకే ఉత్తరం. కవర్లో ఐదు అట్టముక్కలున్నాయి, చెత్తనుకుని పారేయకు.

మా కౌంటర్ పొడుగాటి గాజుబల్ల. ఎడమ వైపు నాది, కుడి వైపు సీనియర్‌ది. ఆవిడ సీసా మీద చెయ్యేస్తే కళ్ళతోనే కాల్చేస్తుంది. కస్టమర్ రాగానే అట్టముక్క మీద ఒక్కసారి కొట్టి, రెండుసార్లు విదిలించి చేతికివ్వాలి. వాళ్లు "బావుంది" అంటారు. ఆ వెంటనే "దీనికీ దానికీ తేడా ఏంటమ్మా?" అంటారు. తేడా నాకు తెలిస్తే కదా చెప్పడానికి! సోవాజ్, ఆక్వా డి జియో, నంబర్ ఫైవ్, కోకో మద్మొజెల్, లా వీ ఎ బెల్. ఈ పేర్లు పలకడమే సగం ఉద్యోగం. వాసనకొస్తే అన్నీ ఘాటుగా, తియ్యగా, ఒకేలా ఉన్నాయి. పదకొండయ్యేసరికి ముక్కు మొద్దుబారిపోతోంది. బల్ల మీద గాజు కప్పులో కాఫీ గింజలు పెట్టారు, అవి పీలిస్తే ముక్కు తేలికపడుతుందట. నాకు కాఫీ తాగాలనిపించింది, అంతే.

మూడు నెలలు ట్రయల్. చివర్లో ట్రైనర్ మేడమ్ పేర్లు రాయని పది అట్టముక్కలు ముందు పెడుతుంది. ఏడైనా చెప్పాలి. చెప్పలేకపోతే ఇంటికే.

నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు డ్రైక్లీనింగ్ షాపులో నీ బల్ల కిందే కూర్చునేదాన్ని కదా. కోటు కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని, ట్యాగు చూడకుండానే "ఇది కంటి డాక్టరుది, ఇది సంగీతం మాస్టారుది" అనేవాడివి. ఒక్కటీ తప్పేది కాదు. షాపులో అందరూ నిన్ను "ముక్కుగారూ" అని పిలిచేవాళ్లు. ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారా? ఆ విద్య నాకు కాస్త చెప్పు మామయ్యా. అమ్మకి మాత్రం పరీక్ష సంగతి ఎత్తకు. రోజూ దిగులు పడుతుంది.

నీ పిచ్చుక


డ్రైక్లీనింగ్ షాపు, వెనక గది, మరకల బల్ల
బుధవారం

చిరంజీవి పిచ్చుకకి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అంతా కులాసా. నడుము మాత్రం దాని గోల అది పెడుతోంది. మీ అమ్మకి చెప్పనులే. చెప్తే ముందు నన్ను తిడుతుంది, నీకీ పిచ్చి నేనే అంటించానని.

ఐదు అట్టముక్కలూ ఒకే కవర్లో కుక్కి పంపావు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆరు రోజులు ఒకదాని మీద ఒకటి పడుకుని అన్నీ ఒకే వాసన అయిపోయాయి. ఉమ్మడి కుటుంబంలా వచ్చి కూర్చున్నాయి, ఎవరి గొంతు ఎవరిదో తెలిస్తే ఒట్టు. ఈసారి ఒక్కోదాన్నీ చాక్లెట్ల మీద ఉండే వెండికాగితంలో విడిగా చుట్టు. చుట్టేముందు నాలుగు గంటలు ఆరనివ్వు.

ఇక విద్య అన్నావు. నువ్వు సెంటుని అది సీసాలోంచి ఊడిపడుతున్నప్పుడు చూస్తున్నావు. అప్పుడు ఏ సెంటైనా అలంకరించుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషే. నిమ్మకాయ, నారింజ తొక్క, మిరియం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావుడి పావుగంట ఉండదు. నా బల్ల మీదికి వచ్చేసరికి మూడు రోజులో వారమో అయివుంటుంది, కాలరుకి పట్టుకుని మిగిలిందే నేను చూస్తాను. నాకు పేర్లు తెలియవు, నా పేర్లు నాకున్నాయి. "ఆర్పిన కొవ్వొత్తి" అని ఒకటి, పెద్ద వయసు ఆడవాళ్ల కోట్లకి ఉంటుంది. "ఇస్త్రీ చొక్కా" అని ఒకటి, ఈమధ్య మగవాళ్లలో పదిమందికి ఆరుగురు అదే. "దోసకాయ నీళ్లు." "తడిమట్టి." "మాడిన చక్కెర."

నువ్వు ఇలా చెయ్యి. తెల్లటి నూలు గుడ్డ ముక్కల మీద కొట్టి, తాడుకి దూరం దూరంగా ఆరేసి, సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చూడు. కొట్టగానే చూడకు. కాఫీ గింజలు ఆ కప్పులోనే ఉండనీ. ముక్కు అలిసిపోతే నీ మోచేతి మడత వాసన చూసుకో, మన ఒంటి వాసన కంటే తటస్థమైనది మనకి ఇంకోటి లేదు.

అన్నట్టు, నీ ఉత్తరం వచ్చిన రోజే ఒక తమాషా జరిగింది. రెండు నల్ల ఉన్ని కోట్లు, ఒకే కంపెనీ, ఒకే సైజు, రెండూ ఆడవాళ్లవి. రెంటికీ ట్యాగులు ఊడిపోయాయి. ఒకటి వీధి చివర కాఫీ షాపు ఆవిడది, ఒకటి బడి హెడ్మిస్ట్రెస్‌గారిది. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. నేను కాలర్లు ముక్కుకి పెట్టుకున్నాను. ఒకదాంట్లో కాఫీ, ఇంకోదాంట్లో చాక్‌పీసు పొడి. అర నిమిషం పట్టలేదు. ఓనరు కౌంటర్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ముక్కుగారూ అని ఇప్పటికీ పిలుస్తున్నారా అని అడిగావుగా, పిలుస్తున్నారు.

మామయ్య


పెర్ఫ్యూమ్ కౌంటర్
ఆరో వారం

మామయ్యా,

నీ మాట మంత్రంలా పనిచేసింది! నా గదిలో కిటికీకి అడ్డంగా తాడు కట్టి గుడ్డముక్కలు ఆరేశాను. పక్కగది అమ్మాయి తొంగిచూసి "ఎవరి జేబురుమాళ్లే ఇన్ని?" అంది. నీ పేర్లకి నా పేర్లు దొరికాయి, చూడు.

నీ "ఆర్పిన కొవ్వొత్తి" నంబర్ ఫైవ్. కొట్టగానే సబ్బు, మైనం, ఏదో మెరుపు. వెనకాల గులాబీ, మల్లె ఉన్నాయట గానీ ఏ ఒక్క పువ్వూ ముందుకొచ్చి నిలబడదు, అన్నీ కలిసి ఒకటే. "ఇస్త్రీ చొక్కా" సోవాజ్. మొదట బెర్గమాట్ అనే ఒక రకం నిమ్మజాతి తొక్క, మిరియం. అవి పోయాక పొడిగా, శుభ్రంగా, కాస్త ఉప్పగా ఒకటి మిగులుతుంది. అదే రెండు రోజులు పీడిస్తుంది. "దోసకాయ నీళ్లు" ఆక్వా డి జియో, సముద్రపు గాలి అని మేం అమ్ముతాం. నీ దోసకాయే నిజం, కానీ అలా చెప్తే ఎవరూ కొనరు. "తడిమట్టి" కోకో మద్మొజెల్. పైన నారింజ, కింద పచౌలీ అనే ఆకు. ఆ ఆకుదే ఆ మట్టి వాసన. "మాడిన చక్కెర" మాత్రం ఒకటి కాదు మామయ్యా, ఈ రోజుల్లో వచ్చే ఆడవాళ్ల పెర్ఫ్యూముల్లో సగం అవే. మా వైపున్నది లా వీ ఎ బెల్. చక్కెరపాకంలో వేయించిన గింజలు, దాని మీద మొహానికి రాసుకునే పౌడరు. ఆ పౌడరు వాసన ఐరిస్ అనే మొక్క వేరుది.

నిన్న ఒకావిడ అడిగింది తేడా ఏంటని. "ఇది పొద్దున్న మీతో మాట్లాడుతుంది, అది రేపటిదాకా మాట్లాడుతుంది" అన్నాను. కొనలేదు గానీ నవ్వింది.

కుడి వైపు సీసాలు ఇంకా నా చేతికి రాలేదు. సీనియర్ దయ. పరీక్షలో మాత్రం రెండు వైపులవీ వస్తాయి. నీ దగ్గర కాలరు వాసన పట్టిన గుడ్డలేమైనా ఉంటే పంపు, అభ్యాసానికి.

నీ పిచ్చుక


షాపు వెనక గది
సోమవారం

చి. పిచ్చుకకి,

గుడ్డలు పంపుతున్నాను. రంగున్న బట్ట తడిపేముందు తెల్లగుడ్డ కాస్త తడిచేసి కాలరు లోపల అద్ది, రంగు దిగుతుందా అని చూస్తాం. ఆ గుడ్డలు రేకు డబ్బాలో పడేస్తుంటాను. రెండు నల్లకోట్లవీ ఉన్నాయి, వెండికాగితంలో విడివిడిగా చుట్టి "కాఫీ" అనీ "చాక్‌పీసు" అనీ రాశాను.

ఆ కోట్ల గురించే గొడవ వచ్చిపడింది. హెడ్మిస్ట్రెస్‌గారు నిన్న కోటు తెచ్చి బల్ల మీద పెట్టి "ఇది నాది కాదు" అంది. తన కోటు లోపలి జేబు చిరిగితే నల్లదారం దొరక్క నీలం దారంతో తనే కుట్టుకుందట. దీనికి ఆ కుట్టు లేదు. కేకలెయ్యలేదు, బడిలో పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. బడి కర్టెన్లూ బ్యాండు యూనిఫారాలూ అన్నీ మా షాపుకే వస్తాయి. ఇక రావని కూడా అంతే నెమ్మదిగా చెప్పింది.

నేను తప్పు చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క కోటు మారలేదు. ఆవిడకే ఏ పాత కోటుకి కుట్టిందో గుర్తులేక అయివుంటుంది. కాఫీ షాపుకెళ్లి అడుగుదామంటే ఓనరు వద్దన్నాడు. ఆవిడ నోరెత్తకుండా తీసుకెళ్లిన కోటు మళ్లీ చూపించమంటే ఈ షాపులో బట్టలు మారిపోతాయని వీధంతా పాకుతుందట. నాకూ అదే సబబనిపించింది.

అయితే హెడ్మిస్ట్రెస్‌గారికి ఎవరో ఒకరిని చూపించాలి కదా. అసలు ట్యాగులు ఊడబట్టే ఇదంతా అని ఓనరు తేల్చాడు. ట్యాగులు కొట్టేది మా ట్యాగులమ్మ. పదకొండేళ్లుగా ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి బట్టకీ నంబరు రాసి పిన్ను పెట్టేది ఆవిడే. వచ్చే నెలాఖరుకి మానెయ్యమన్నాడు. ఆవిడ ఒక్కటే మాటంది, "నా పిన్ను ఊడదు సార్" అని. అని నాకేసి చూసింది. నేను ఇస్త్రీపెట్టెలో నీళ్లు నింపుకుంటున్నాను.

పాపం అనుకో. కానీ నేనేం చెయ్యను, ట్యాగుల పని నాది కాదుగా.

నీ పరీక్షకి బాగా చదువు.

మామయ్య


పెర్ఫ్యూమ్ కౌంటర్
తొమ్మిదో వారం

మామయ్యా,

ఆలస్యానికి తిట్టకు. గుడ్డలు చేరి పది రోజులైంది. రాద్దామని కూర్చోవడం, మడిచి పెట్టడం, ఇదే సరిపోయింది.

ముందు చిన్న సంగతి. "చాక్‌పీసు" అని రాసినది చాక్‌పీసు కాదు. చూడగానే పట్టేశాను, లా వీ ఎ బెల్. ఐరిస్ పౌడరూ, కింద పాకం గింజలూ. మా వైపు సీసాయే కాబట్టి నాకు కంఠతా వచ్చు. హెడ్మిస్ట్రెస్‌గారు సెంటు రాసుకుంటుందా? ఎలాంటి మనిషి?

రెండోది. "కాఫీ" గుడ్డని మా కప్పులోని గింజల పక్కన పెట్టి చూశాను. కలవలేదు. గింజల్లో పొగ ఉంది, చేదుంది. గుడ్డలో కాఫీ ఉంది గానీ తియ్యగా, వనిలాతో, మెత్తగా ఉంది. అడుగున ఏదో తెల్లపువ్వు. కాఫీ షాపు ఆవిడ మిగతా బట్టలు మీ దగ్గరికే వస్తాయి కదా, ఆవిడ ఏప్రన్లు ఎలా వాసనొస్తాయి? వాటిలో పాలు ఉంటాయా?

ఊరికే అడుగుతున్నాను. పరీక్ష ఇంకో మూడు వారాలు.

ట్యాగులమ్మ ఎలా ఉంది? నాకు ఆవిడ గుర్తుంది మామయ్యా. నీ బల్ల కింద కూర్చుంటే పిన్నుల డబ్బా మూత ఇచ్చేది ఆడుకోమని.

నీ పిచ్చుక


షాపు వెనక గది
శుక్రవారం

పిచ్చుకకి,

ఏమిటే ఈ ఆరాలు? నేను నీకు నేర్పానా, నువ్వు నాకు నేర్పుతున్నావా? తొమ్మిది వారాలు అట్టముక్కలు ఊపగానే అంతా తెలిసిపోయిందా?

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఆవిడ ఏప్రన్లు విరిగిన పాలూ పొగా కంపు కొడతాయి. రెండుసార్లు నానబెడితే గానీ వదలదు. కోటుకి ఆ పాలవాసన లేదు, నిజమే. అది సెలవురోజు కోటు, షాపులో వేసుకోదు, అందుకని లేదు. ఆవిడ చేతుల్లోంచి, జుట్టులోంచి పట్టిన కాఫీ అది. అందుకే మెత్తగా ఉంది. ఇందులో అర్థంకానిదేముంది?

హెడ్మిస్ట్రెస్‌గారు ఎలాంటి మనిషంటే, నలభై అయిదేళ్లుంటాయి, బొటనవేలికి సిరా మరక, చేతిలో ఎప్పుడూ కాగితాల కట్ట. సెంటు రాసుకుంటుందో లేదో నేనేం అడుగుతాను?

ట్యాగులమ్మ బాగానే ఉంది. అంటే, మామూలుగానే ఉంది. మానెయ్యమన్న రోజు నుంచి కూడా నాలుగింటికి టీ తెచ్చి నా బల్ల అంచున పెట్టి పోతోంది, ఎప్పట్లాగే. ఏమైనా అంటే బావుండును. తిట్టినా బావుండును. ఆ టీ తాగలేక, చల్లారాక పారబోస్తున్నాను. కూతురు నర్సింగ్ చదువుతోంది, ఇంకా ఏడాదుంది. వేరే చోట పని చూసుకుంటోందట, రెండు షాపుల వాళ్లు ఎందుకు మానేశావని అడిగారట. ట్యాగులు ఊడిపోయాయని తీసేశారంటే ట్యాగులు కొట్టే పని ఎవరిస్తారు?

నెలాఖరు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

నేను ఓనరుతో ఒకసారి మాట్లాడదామనుకున్నాను. ఆయన కౌంటర్లో కొత్త కస్టమర్‌కి నన్ను చూపించి "మా ముక్కుగారు, ట్యాగు లేకపోయినా చెప్పేస్తారు" అంటున్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఇక ఈ కోట్ల సంగతి ఎత్తకు.

మామయ్య


పెర్ఫ్యూమ్ కౌంటర్
పన్నెండో వారం, పరీక్ష మర్నాడు

మామయ్యా,

ఎత్తుతున్నాను. కోప్పడితే పడు.

పరీక్ష నిన్న అయిపోయింది. ట్రైనర్ మేడమ్ పొద్దున్నే అట్టముక్కల మీద కొట్టి, మాకు సాయంత్రం నాలుగింటికి ఇచ్చింది. అందరూ గొల్లుమన్నారు, ఏమీ మిగల్లేదని. నాకు నీ తాడూ గుడ్డముక్కలూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. పదికి ఎనిమిది చెప్పాను. ఉద్యోగం ఖాయం. ఇది నీ చలవే, ముందు అది విను.

తప్పిపోయిన రెండింట్లో ఒకటి ఏడో నంబరు. అది ముక్కుకి పెట్టుకోగానే నా చెయ్యి దానంతటదే "కాఫీ షాపు ఆవిడ కోటు" అని రాసింది. ఆ మాట కొట్టేసి ఖాళీగా వదిలేశాను. అయిపోయాక మేడమ్‌ని అడిగాను. బ్లాక్ ఓపియమ్. కుడి వైపు సీసా. దాన్ని తయారుచేసిందే కాఫీ వాసనతో మామయ్యా. కాఫీ, వనిలా, తెల్లపువ్వులు. సీనియర్ కొట్టగానే ఆ పక్కనుంచి నాకు తీపి తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆరాకే కాఫీ పైకొస్తుందని నిన్ననే తెలిసింది. నువ్వు పంపిన కాఫీ గుడ్డ పర్సులోనే ఉంది. మేడమ్ రెండూ చూసి తలూపింది.

కాఫీ షాపులో పనిచేసే మనిషి సెలవురోజు కూడా కాఫీ వాసనొచ్చే సెంటు ఎందుకు రాసుకుంటుంది? ఆవిడది ఐరిస్ పౌడరు వాసన, లా వీ ఎ బెల్. బ్లాక్ ఓపియమ్ హెడ్మిస్ట్రెస్‌గారిది. సిరామరకా కాగితాల కట్టా చూసి నువ్వు పౌడర్ని చాక్‌పీసు అనుకున్నావు. కాఫీ తగలగానే వీధి చివరి షాపు అనుకున్నావు. నీ ముక్కు తప్పు చెప్పలేదు, రెండు కోట్ల వాసనలూ సరిగ్గానే చెప్పింది. నువ్వే దాని మాట పూర్తిగా వినకుండా, మనిషి చేసే పనిని బట్టి కోటు ఇచ్చేశావు. కోట్లు మారాయి మామయ్యా. హెడ్మిస్ట్రెస్‌గారు నిజమే చెప్పింది.

లోపల రెండు పొట్లాలున్నాయి. ఒకటి నీ కాఫీ గుడ్డ. ఇంకోటి నేను బ్లాక్ ఓపియమ్ కొట్టినది. ఐదు రోజులు ఆరేశానని అబద్ధం చెప్పను, టైము లేదు, ఒక్క రోజే ఆరింది. దారిలో మిగతా రోజులు ఆరుతుంది. పక్కపక్కన పెట్టి నువ్వే చూడు. నా మాట నమ్మొద్దు.

నాకు ఈ ఉత్తరం రాయడం ఇష్టం లేదు. నీ గురించి ఎవరేమన్నా పడను, అలాంటిది నేనే అంటున్నాను. కానీ నెలాఖరు వచ్చేస్తోంది. ఆవిడ టీ పెడుతున్నంత కాలం నువ్వు తాగలేవు, నాకు తెలుసు.

నీ పిచ్చుక


షాపు వెనక గది
నెలాఖరు, మంగళవారం

చి. పిచ్చుకకి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం ఖాయమైనందుకు సంతోషం. మీ అమ్మకి ఇప్పుడు చెప్పు. ఫోన్లోనే చెప్పు, దానికి వాసన అక్కర్లేదు.

పొట్లాలు గురువారం అందాయి. పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. మళ్లీ మోచేతి మడత చూసుకుని మళ్లీ చూశాను. ఒకటే.

కాఫీ షాపుకి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక ముందు ఒక కాఫీ అడిగాను. తర్వాత కోటు సంగతి చెప్పి, లోపలి జేబు ఒకసారి చూపించమ్మా అన్నాను. వెనక మేకుకి వేలాడుతోంది, తెచ్చి జేబు తిరగేసింది. నీలం దారం. ఆవిడ "ఇది నేను కుట్టలేదే!" అని పెద్దగా నవ్వింది. ఇన్ని రోజులు చూసుకోనే లేదట. పొద్దస్తమానం కాఫీలో మునిగే మనిషిని, నాకు ఏ వాసనా తెలియదు, సెలవురోజు ఏదో పౌడరు వాసన సెంటు కొట్టుకుంటా, అంతే అంది. నువ్వు చెప్పింది చెప్పినట్టే.

ఇక్కడితో ఆపేస్తే బావుంటుంది. కానీ నీతో ఒక సంగతి దాచాను. ఆ ట్యాగులు ఊడిపోలేదు. నేనే తీశాను.

కాలరుకి ఆవిరి పట్టేటప్పుడు పిన్ను కాలి వేలికి చురుక్కుమంటుంది. అందుకని ట్యాగు తీసి, కాలరు అయ్యాక మళ్లీ పెడతాను. ఒకసారికి ఒక్క కోటుదే తియ్యాలి, ఇది నేను పెట్టిన నియమమే, కొత్తగా వచ్చినవాళ్లకి నేనే నేర్పుతాను. ఆ రోజు రెండు కోట్లవీ తీసి బల్ల మీద పెట్టి, ఆవిరి ఎక్కేలోగా నీ మొదటి ఉత్తరం విప్పాను. నీ బల్ల కింద కూర్చునేదాన్ని అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. తల ఎత్తేసరికి ఏ ట్యాగు ఏ కోటుదో తెలియలేదు. ఆ ముక్క ఓనరుతో అప్పుడే చెప్పుంటే ఇద్దరికీ ఫోన్ చేసి కనుక్కునేవాళ్లం. ఊడిపోయాయన్నాను, అదే నోటితో, వాసన చూసి చెప్పేస్తానన్నాను. ఉత్తరం చదువుతూ అని నీకు రాస్తే నీ మూలంగా అనుకుంటావేమోనని నీతోనూ చెప్పలేదు. నీ మూలంగా కాదు. గుర్తుపెట్టుకో.

కాఫీ షాపులో కోట్లు మార్చి తెచ్చి కబురు పెడితే, నిన్న హెడ్మిస్ట్రెస్‌గారు తన కోటు తీసుకెళ్లడానికి వచ్చింది. ఓనరూ, ట్యాగులమ్మా, ఆవిడా, ముగ్గురూ ముందు బల్ల దగ్గరే ఉన్నారు. నేను వెనక గదిలోంచి వెళ్లి చెప్పేశాను. రెండు ట్యాగులూ నేనే తీశాను, మార్చి పెట్టిందీ నేనే, పిన్ను ఊడలేదు, ఈవిడ తప్పు వీసమెత్తు లేదు అని. ఆఖరి మాట సరిగ్గా వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. హెడ్మిస్ట్రెస్‌గారు జేబులో చెయ్యిపెట్టి దారం తడుముకుని, "సరే, కర్టెన్లు సోమవారం పంపుతాను" అంది. ఓనరు మొహం మాడ్చుకున్నాడు. ట్యాగులమ్మని ఉండమన్నాడు. నన్ను కోట్ల బల్ల నుంచి తీసి కర్టెన్ల వైపు వేశాడు. కర్టెన్లకి సెంటు ఎవరూ కొట్టరు. ముక్కుగారూ అని నిన్నటి నుంచి ఎవరూ పిలవలేదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను.

అందరూ వెళ్లాక ట్యాగులమ్మ దగ్గరికి వెళ్లాను. తప్పైపోయిందమ్మా అన్నాను. ఆవిడ పిన్నులు డబ్బాలో సర్దుకుంటూ, "మొదటి రోజే తెలుసు. నా పిన్ను రెండు కాళ్లూ వంచి మెలిపెడతాను, ఎవరో ఒకరు తియ్యాలే గానీ దానంతటది రాదు. మీరే చెప్తారని చూశాను" అంది. చెప్పకపోయి ఉంటే అని అడిగాను. "నెలాఖరుదాకా చూద్దామనుకున్నా" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఇవాళ నాలుగింటికి టీ వచ్చింది. తాగాను. ఇంటికి బయల్దేరుతూ నా కోటు మేకు మీంచి తీస్తే కాలరు దగ్గర ఏదో గుచ్చుకుంది. ట్యాగు. కస్టమర్లకి రాసినట్టే నంబరు వేసి, కింద "ముక్కుగారిది" అని రాసి, పిన్ను రెండు కాళ్లూ వంచి మెలిపెట్టింది. లాగి చూశాను. ఊడలేదు.

మామయ్య